ఎక్స్‌రే గది కంప్యూటరుకు కూలర్ ఎంచిన కథ

2022 వేసవి మొదట్లో కంపెనీ నన్ను మార్కాపురం జోనుకు మార్చింది. అప్పటికి రిటైర్మెంటుకు రెండేళ్ళుంది. హోదా సీనియర్ ఫీల్డ్ ఇంజనీరు. పేరు పెద్దదే గానీ, చేసే పని భుజానికి సంచీ తగిలించుకుని బస్సులెక్కడం. ఆసుపత్రులు, కాలేజీలు తమ కంప్యూటర్ల బాగోగులు ఏడాది ఒప్పందం మీద మాకు అప్పజెప్పేవి. ఎక్కడైనా యంత్రం మొరాయిస్తే వాళ్ళు ఒంగోలు బ్రాంచికి ఫిర్యాదు చేస్తారు, బ్రాంచి దానికొక నంబరు వేసి మాకు పంపుతుంది. దాన్ని మేం కాల్ అంటాం. బాగుచేసి, రిపోర్టు రాసి, అక్కడివాళ్ళ సంతకం తీసుకుంటే కాల్ క్లోజయినట్టు. గిద్దలూరు నుంచి త్రిపురాంతకం దాకా, ఇటు కొనకనమిట్ల, చంద్రశేఖరపురం దాకా వచ్చే కాల్స్ అన్నీ నా నెత్తినే పడేవి.

నాకు కోపం ఎక్కువని బ్రాంచిలో పేరు. అది అబద్ధం కాదు. కాకపోతే యంత్రం మీద నేనెప్పుడూ కోపగించుకోలేదు. యంత్రానికి తప్పు చేసే తెలివి ఉండదు. ఈ కాల్ తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మండించింది కంప్యూటరు కాదు.

మార్కాపురానికి కొంచెం ఎడంగా, రాతి పలకలు కోసే షెడ్ల పక్కన, ఒక చిన్న ట్రస్టు ఆసుపత్రి ఉండేది. పేరు రాయను. కాల్ అక్కడి ఎక్స్‌రే గది నుంచి వచ్చింది. ఎక్స్‌రే తీశాక, బొమ్మ పడిన క్యాసెట్టును రీడరు అనే పెట్టెలో పెడితే, బొమ్మ కంప్యూటరులోకి ఎక్కుతుంది. డాక్టరు దాన్ని తెర మీద చూస్తారు. బొమ్మ ఎక్కుతుండగా కంప్యూటరు ఆగిపోతే ఆ బొమ్మ పోయినట్టే. రోగిని మళ్ళీ నిలబెట్టి మళ్ళీ కిరణాలు పంపాలి. అందుకని ఆసుపత్రి కాల్స్‌లో దీన్ని మొదటి వరసలో పెడతాం.

ఫిర్యాదులో రెండు ముక్కలున్నాయి. కంప్యూటరు మధ్యాహ్నం పూట ఆగిపోతోంది. కారణం ఆపరేటరు నిర్లక్ష్యం. రోగమూ వాళ్ళే చెప్పి, రోగకారణమూ వాళ్ళే తేల్చేస్తే ఇక ఇంజనీరు ఎందుకు? బస్సులో కూర్చున్నప్పుడే నాకు చిరాకు మొదలైంది.

ఆసుపత్రి మేనేజరు మాలకొండయ్యగారు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. వాళ్ళ కుటుంబానికి పలకల షెడ్డు ఉంది. ట్రస్టువాళ్ళకు దూరపు బంధువని చెప్పుకునేవారు. నన్ను తన గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించి విషయంలోకి వచ్చారు. గిద్దలూరులో కంప్యూటర్లు బిగించే దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా పెద్ద కూలర్ తెప్పించి కంప్యూటరు లోపల వేయించారట. అయినా ఆగుతోందట.

"అంత కూలర్ బెట్టినాక మిషనెందుకు ఆగుద్ది సార్? ఆయమ్మే ఆపుతా ఉంది. మధ్యాహ్నమైతే కునుకు తీయాల గదా. మెమో ఇచ్చినా. మీరు మిషను బాగుందని ఒక్క ముక్క రాసియ్యండి, చాలు. మిగతాది నేను జూసుకుంటా" అన్నారు.

ఆ ఒక్క ముక్కతో ఒక మనిషి ఉద్యోగం పోతుందని నాకు అర్థమైంది. టీ సగంలో వదిలేసి లేచాను.

ఆ మనిషి పేరు రూతమ్మ. కొనకనమిట్ల వైపు పల్లె. వాళ్ళ నాయన పలకల షెడ్డులో కూలి. ఆయన రెక్కల కష్టం మీద ఎక్స్‌రే డిప్లొమా చదివి, ఈ ఆసుపత్రిలో టెక్నీషియనుగా చేరింది. దగ్గుతో ఆ నాయన షెడ్డు మానేసి ఇంట్లో కూర్చున్నాడు. ఇల్లు ఈమె జీతం మీద నడుస్తోంది. ఇవన్నీ ఆమె చెప్పినవి కావు, బయట బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ళు నేను అడగకుండానే చెప్పారు.

ఎక్స్‌రే గదికి కిరణాలు బయటికి పోకుండా మందపాటి తలుపు ఉంటుంది. దాని పక్కన, సీసపు అద్దం వెనక, ఆపరేటరు కూర్చునే చిన్న గూడు లాంటి గది. కంప్యూటరు అందులోనే. ఏసీ ఉంది గానీ చెడిపోయి చాలాకాలమైంది. బాగుచేయించే బదులు కిటికీ దగ్గర ఒక నీళ్ళ కూలర్ పెట్టారు. వేసవిలో ఇళ్ళల్లో వాడే గడ్డి కూలరే. చిత్రమేమిటంటే దాని మూతి ఆపరేటరు కుర్చీ వైపు లేదు. సూటిగా కంప్యూటరు మీదికి ఉంది. కుర్చీలో రూతమ్మ తడిగుడ్డ మెడకు చుట్టుకుని కూర్చుని ఉంది.

కూలర్ ఇటు తిప్పుకోవచ్చుగదమ్మా అన్నాను.

"ఆర్డర్ సారూ. గాలి మిషను మీదికే ఉండాలన్నారు. మనిషి ఓర్చుకుంటాది, మిషను ఓర్చుకోదు గదా అన్నారు" అంది. అందులో ఫిర్యాదు లేదు. ఉన్నమాట చెప్పింది. నాకు మాత్రం చర్రున కోపం వచ్చింది.

కంప్యూటరు చూస్తే క్యాబినెట్ పక్క తలుపు తీసేసి ఉంది. లోపల రేకుల దొంతరలతో రెండు గోపురాలు, రెండు ఫ్యాన్లు, రంగురంగుల లైట్లతో ఆ గిద్దలూరు కూలర్ వెలుగుతోంది. ఎత్తు బొటనవేలంత ఎక్కువై తలుపు పట్టలేదు. తలుపు లేని సందు మీద పూలు కుట్టిన టేబుల్ గుడ్డ కప్పారు.

చదివేవారి కోసం ఇక్కడ కొంచెం చెప్పాలి. ప్రాసెసరు పని చేస్తే వేడి పుడుతుంది. దాని మీద ఒక లోహపు దిమ్మ, దిమ్మ నుంచి రాగి గొట్టాలు, గొట్టాలకు అల్యూమినియం రేకులు, ఆ రేకుల మధ్యగా గాలి తోసే ఫ్యాను. అంతా కలిపి ప్రాసెసరు కూలర్. వేడి హద్దు దాటితే కాలిపోకుండా ప్రాసెసరు తనంతట తానే యంత్రాన్ని ఆపేస్తుంది. కూలర్ ఎంచేటప్పుడు ముందు ప్రాసెసరు ఎంత వేడి పుట్టిస్తుందో చూడాలి. ఆ తరువాత క్యాబినెట్‌లో పడుతుందా, పక్కనున్న మెమరీ కార్డులకు తగులుతుందా, బోర్డు మీద బిగింపు సరిపోతుందా అని చూడాలి. ఈ ఎక్స్‌రే కంప్యూటరులో ఉన్నది మామూలు ప్రాసెసరు. దానికి ఆ రెండు గోపురాల కూలర్ ఎందుకో నాకు అర్థం కాలేదు. ముప్పై మంది భోజనానికి మూడొందల మంది గుండిగ పొయ్యి మీద పెట్టినట్టుంది. పెద్దదైతే మంచిదనుకోవడం కొనేవాళ్ళ జబ్బు. అమ్మేవాళ్ళు ఆ జబ్బు నయం కానివ్వరు.

యంత్రం ఆపి, ఫ్యాన్లు విప్పి, టార్చి వేసి చూశాను. మామూలుగా కూలర్ రేకుల్లో దుమ్ము దూదిలా ఉంటుంది. బ్లోయరు పెడితే ఎగిరిపోతుంది. ఇక్కడ బ్లోయరు పెడితే ఒక్క రేణువు కదల్లేదు. స్క్రూడ్రైవరు మొనతో గీకితే బూడిదరంగు పెచ్చులు ఊడాయి. మధ్యమధ్య తెల్లటి ఉప్పు చారలు. సగానికి పైగా సందులు మూసుకుపోయి ఉన్నాయి. గోడకు సున్నం పూసినట్టు ఎవరో పనిగట్టుకుని రేకులకు పలకరాయి పూసినట్టుంది.

నీళ్ళ కూలర్ దగ్గరికి వెళ్ళి చూస్తే దాని గడ్డి నిండా అదే తెల్లటి ఉప్పు. బోరు నీళ్ళు. ఈ ప్రాంతం నీళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. కిటికీ అవతల పలకల షెడ్లు. షెడ్ల నుంచి తిన్నగా వచ్చిన రోగుల ఒంటి మీదా అదే బూడిద. కిటికీ తెరిస్తే గానీ నీళ్ళ కూలర్ పనిచేయదు, తెరిస్తే దుమ్ము. ఆ దుమ్మును ఉప్పునీటి తడిగాలితో కలిపి రెండు ఫ్యాన్లు రేకుల మధ్యకు లాగుతున్నాయి. యంత్రం నడిచినంతసేపూ వేడి దాన్ని ఎండబెడుతోంది.

మాలకొండయ్యగారిని పిలిచి చూపించాను. ఆయన పెచ్చును గోటితో తీసి చూశారు. ఒప్పుకోలేదు.

"దుమ్ము రాగూడదనే గదా సార్ తడిగాలి పెట్టించింది! మా షెడ్డులో ముప్పై ఏళ్ళుగా జూస్తున్నా. రాయి కోసేటప్పుడు నీళ్ళు జల్లితే దుమ్ము లేవదు. దుమ్ముకు నీళ్ళే మందు. చిన్నపిల్లోణ్ణి అడిగినా చెప్తాడు."

అప్పుడు గానీ నాకు బోధపడలేదు, ఆ నీళ్ళ కూలర్ మూతి అటెందుకు తిరిగిందో. ఆయన మాటలో తప్పు లేదు. షెడ్డులో నీళ్ళు చల్లితే దుమ్ము నేల మీదికి అణుగుతుంది. ఇక్కడ కూడా అణిగింది. కాకపోతే కూలర్ రేకుల్లో అణిగింది. తెలియకపోవడం మీద నాకు కోపం లేదు. తెలియనిదాన్ని ఆర్డరుగా మార్చి, అది బెడిసికొడితే ఆ ఆర్డరు పాటించిన మనిషికే మెమో ఇవ్వడం మీద నా కోపం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కూడా కాదు, మద్దెలకు మెమో ఇచ్చినట్టు!

అదే మాట గట్టిగానే అన్నాను. ఆయన ముఖం కందిపోయింది.

"ఇంజనీరువి, మిషను జూసిపో. స్టాఫు సంగతి నీకెందుకు?" అన్నారు. ఇంతసేపూ ఉన్న 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

"సరే, మిషనే చూద్దాం" అన్నాను. ఫ్యాన్లు తిరిగి బిగించి, టేబుల్ గుడ్డ మళ్ళీ కప్పి, అంతా ఎట్లా ఉన్నదో అట్లాగే పెట్టాను. రూతమ్మను బయట కూర్చోమన్నాను. మధ్యాహ్నం మీరే ఈ కుర్చీలో కూర్చోండి, ఆమె చెయ్యి పడకుండా యంత్రం ఆగుతుందో లేదో మీ కళ్ళతో మీరే చూడండి అన్నాను. పదిమంది రోగులు వింటున్నారు కనుక ఆయన కాదనలేకపోయారు.

పరీక్ష కోసం రోగులను నిలబెట్టి కిరణాలు పంపే హక్కు నాకు లేదు. అందుకని పాత ఛాతీ బొమ్మలను వరసగా తెరిచి, ఊపిరితిత్తుల గీతలు స్పష్టం చేసే ప్రోగ్రాంను వాటి మీద నడిపించాను. ఎప్పటిలాగే గది తలుపు వేశాను. నీళ్ళ కూలర్ ఆర్డరు ప్రకారం కంప్యూటరు మీదికే తిరుగుతోంది.

కాసేపటికే మాలకొండయ్యగారు చొక్కా పై గుండీలు విప్పారు. జేబులోని పెన్నులు తీసి బల్ల మీద పెట్టారు. చేతిరుమాలు తడిసిపోయింది. తడిగాలి తలుపు మూసిన ఆ గదిలో ఎటూ పోలేక ఉక్కగా పేరుకుంది. ఆయన లేచి నీళ్ళ కూలర్ మూతి తన వైపు తిప్పుకోబోయారు. నేను అడ్డం నిలబడ్డాను. "వద్దు సార్. మీ ఆర్డరే" అన్నాను. నా గొంతులో ఎకసెక్కం ఉన్న మాట నిజం. అందుకు నాకేమీ విచారం లేదు.

ఇంకాస్సేపటికి తెర నల్లబడింది. రంగు లైట్లు ఆరిపోయాయి. ఆయన రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.

తలుపు తెరిచాను. ఆయన బయటికి వచ్చి గుండెల నిండా గాలి పీల్చుకుని, ఎవరితో అంటున్నారో చూసుకోకుండా అనేశారు.

"అబ్బబ్బ! ఈ ఉక్కలో మనిషెట్ల కూర్చుంటాడు?"

గుమ్మం పక్కనే రూతమ్మ నిలబడి ఉంది. తలెత్తి ఆయన వంక చూసింది, అంతే. ఆమె బదులు నేను మాట్లాడాను. ఏళ్ళ తరబడి ఈమె ఎట్లా కూర్చుందో ఒక్కసారైనా అడిగారా అన్నాను. యంత్రం వేడెక్కుతుందని తెలిసినవారికి మనిషి ఉడికిపోతుందని తెలియదా అన్నాను. ఇంకా చాలా అన్నాను, రాయదగినవి ఇంతే. నా అరుపులకు ఓపీ గదిలోంచి పెద్ద డాక్టరమ్మ బయటికి వచ్చారు. ఆమె ట్రస్టు తరఫున ఆసుపత్రికి పెద్ద. ఎవరిది తప్పని ఆమె అడగలేదు. ఏం చెయ్యాలో చెప్పమన్నారు.

చెప్పాను. నీళ్ళ కూలర్‌ను ఆ గది నుంచి తీసేయాలి. కిటికీ మూసి ఏసీ బాగుచేయించాలి. ఏసీ వచ్చేదాకా ఆపరేటరుకు గోడ ఫ్యాను పెట్టాలి. ఆ రెండు గోపురాల కూలర్ తీసేసి ఒక గోపురం, ఒక ఫ్యాను ఉన్న చిన్న కూలర్ వేయాలి. దాని రేకుల మధ్య సందు వెడల్పుగా, కుంచె పట్టేట్టు ఉండాలి. దగ్గరదగ్గర రేకులున్నది శుభ్రమైన గదిలో బాగా పనిచేస్తుంది. పలకల ఊళ్ళో అది జల్లెడ లాంటిది, అడ్డొచ్చినదల్లా పట్టుకుంటుంది. ఎత్తు తక్కువైతే క్యాబినెట్ తలుపు పడుతుంది. తలుపు పడితేనే గాలి ముందు నుంచి వెనక్కి ఒక దారిన పోతుంది. ముందు భాగానికి విప్పి కడుక్కునే దుమ్ము జాలీ ఒకటి.

"పెద్దది చెయ్యలేనిది చిన్నది చేస్తాదా మేడం? ఈయన మాట పట్టుకుంటే..." అని మాలకొండయ్యగారు మొదలుపెట్టారు. డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపారు.

నా సంచీలో స్టాండ్‌బైగా, అంటే తాత్కాలికంగా వాడేందుకు, ఒక మామూలు కూలర్ ఉంది. ప్రాసెసరు మీద, వేడిని కూలర్‌కు చేర్చే పాత పేస్టు తుడిచి, కొత్త పేస్టు పప్పుగింజంత పెట్టి, దాన్ని బిగించాను. నీళ్ళ కూలర్ ఆపించాను. కిటికీ మూసి, గది తలుపు తెరిచి ఉంచి, అవే పాత బొమ్మలు మళ్ళీ నడిపించాను. యంత్రం ఆగలేదు.

ఇక రిపోర్టు. కారణం అన్న చోట తడి, దుమ్ము, ఉప్పు వల్ల కూలర్ మూసుకుపోవడం అని రాసి, కింద ఆపరేటరు తప్పు లేదు అని ఇంకో వాక్యం రాశాను. సిఫారసుల్లో చిన్న కూలర్, జాలీ, ఏసీ రిపేరు, గోడ ఫ్యాను. మాలకొండయ్యగారు చదివి, ఆపరేటరు గురించిన వాక్యం కొట్టేస్తే సంతకం చేస్తానన్నారు. నేను కొట్టనన్నాను. ఆయన బ్రాంచికి ఫోను చేశారు. బ్రాంచి మేనేజరు నన్ను లైనులోకి పిలిచి, మనకెందుకయ్యా ఆ గొడవ, ఒక వాక్యమే కదా, కొట్టేసి కాల్ క్లోజ్ చెయ్యి అన్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో మా వాళ్ళ మీద అంత అసహ్యం నాకెప్పుడూ వేయలేదు. ఫోను పెట్టేశాను.

మా రూలు ఒకటుంది. రిపోర్టు మీద సంతకం పడకపోతే కొత్త పార్టు విడుదల కాదు, స్టాండ్‌బై పార్టు కూడా వెనక్కి తెచ్చేయాలి. ఆ మంటలో స్క్రూడ్రైవరు తీసి, అయితే నా కూలర్ నేను విప్పుకుపోతానని క్యాబినెట్ ముందు కూర్చున్నాను. నిజంగా విప్పేవాణ్ణే.

రూతమ్మ వచ్చి నా పక్కన నిలబడింది.

"వద్దన్నా" అంది. అప్పటిదాకా సారూ అన్న మనిషి. "త్రిపురాంతకం బస్సుకు వచ్చినోళ్ళు పొద్దున్నుంచి కూర్చోనుండారు. బొమ్మలు తీసి పంపియ్యాల. నా సంగతి దేవుడు జూసుకుంటాడు లే."

స్క్రూడ్రైవరు సంచీలో పెట్టేశాను. ఆమె కుర్చీలోకి వెళ్ళి మొదటి పేరు పిలిచింది. బెంచీ మీద నుంచి ఒక ముసలాయన లేచాడు. చొక్కా నిండా పలకల బూడిద. మూసుకున్న ఎక్స్‌రే గది తలుపు అవతల, గాలి బాగా పీల్చుకో నాయనా, కదలకుండా ఆపు అని ఆమె చెబుతుండటం వినబడింది.

డాక్టరమ్మ రిపోర్టు తన చేతిలోకి తీసుకుని నిలబడే చదివారు. ఏ వాక్యమూ కొట్టేయకుండా సంతకం చేశారు. మెమో వెనక్కి తీసుకోండి అని మాలకొండయ్యగారితో నా ఎదుటే అన్నారు. ఆయన అట్లాగే మేడం అన్నారు. రూతమ్మకు క్షమాపణ ఎవరూ చెప్పలేదు. చెప్పాలన్న ఊహ కూడా ఎవరికీ వచ్చినట్టు లేదు. ఆమె ఉద్యోగం నిలబడింది. నాకు ఆ ఏడాది అప్రైజలులో 'కస్టమరుతో దురుసు ప్రవర్తన' అని రాశారు. అది నిజమే గనుక నేను జవాబు రాయలేదు.

చిన్న కూలర్ ఒంగోలు నుంచి వచ్చాక నేనే వెళ్ళి బిగించాను. తలుపు చక్కగా పట్టింది.

మూడు నెలలకోసారి ఊరికే చూసిపోయే విజిట్ ఒకటి ఉంటుంది మాకు. ఆ విజిటుకు వెళ్ళేసరికి ఎండలు ఇంకా తగ్గలేదు. మాలకొండయ్యగారి గది దాటుతుంటే చల్లగాలి తగిలింది. ఎక్స్‌రే గది నుంచి తీసిన నీళ్ళ కూలర్ అక్కడ ఉంది. మూతి ఆయన కుర్చీ వైపే ఉంది. ఆయన నన్ను చూసి తల పంకించారు, నేను పంకించలేదు.

ఎక్స్‌రే గదిలో కంప్యూటరు భేషుగ్గా ఉంది. జాలీ కడిగి ఉంది, రేకులు శుభ్రంగా ఉన్నాయి, ప్రాసెసరు వేడి ఉండాల్సిన చోట ఉంది. కిటికీ మూసి ఉంది. ఏసీ బాగుచేయించలేదు. గోడకు ఫ్యాను లేదు. నేను రాసిన నాలుగు సిఫారసుల్లో యంత్రానికి సంబంధించిన రెండూ అమలయ్యాయి, మనిషికి సంబంధించిన రెండూ 'వచ్చే ఏడాది' అయ్యాయి. రూతమ్మ తడిగుడ్డ మెడకు చుట్టుకుని కూర్చుని, ఒక అట్టముక్కతో విసురుకుంటోంది. దగ్గరికి వెళ్ళి చూశాను. అది నేను తెచ్చిన కొత్త కూలర్ పెట్టె మూత.

ఆ తరువాత మిగిలిన సర్వీసులో చాలా కూలర్లు ఎంచాను. ఎంతటి కూలరైనా ప్రాసెసరును గది వేడికంటే కిందికి దించలేదు. ఇది మొదటి ఏడాది శిక్షణలోనే చెబుతారు. దాని అర్థం నాకు ఆ గదిలో తెలిసింది. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్ళినా క్యాబినెట్ తలుపు తెరవకముందు ఆపరేటరు కుర్చీలో నేనే కాసేపు కూర్చునేవాణ్ణి. నేను కూర్చోలేకపోతే రిపోర్టులో మొదటి సిఫారసు ఆ కుర్చీకి రాసేవాణ్ణి, కూలర్ సంగతి రెండోది. దాని మీద సంతకం పడేదాకా కూలర్ పెట్టె విప్పేవాణ్ణి కాదు.